చూపు పోయిన వైపు ఏదో కదిలింది

ఎనిమిదో తరగతి తెలుగు పేపర్లు దిద్దుతున్నాను. సొంతవాక్యాల ప్రశ్న. ఒక్కరంటే ఒక్కరు వాక్యం పూర్తి చేయలేదు. ‘మా నాన్న ఊరికి వెళ్’, ‘వాన బాగా కురి’, ‘నేను అబద్ధం చెప్ప’. ఎర్రపెన్నుతో ఒక్కోదానికీ సున్నా చుట్టి, పక్కన ‘వాక్యం పూర్తి చేయాలి’ అని రాసుకుంటూ పోతున్నాను. ఇంతమంది ఒకేలా ఎందుకు రాశారా అని విసుగొచ్చింది గానీ, తేడా నాలో ఉందని తట్టలేదు. పక్క కుర్చీలో ఉన్న సైన్సు మేడమ్ వంగి చూసి, “ఏంటి మేడమ్, అందరూ బాగానే రాశారు కదా, సున్నాలు చుడుతున్నారేంటి?” అన్నారు. తల కుడివైపు తిప్పి మళ్ళీ చూశాను. వెళ్ళాడు. కురిసింది. చెప్పను. అన్నీ ఉన్నాయి.

లేచి బయటికి వస్తుంటే కుడి భుజం గుమ్మానికి కొట్టుకుంది. ఏళ్ళ తరబడి రోజూ దాటే గుమ్మం అది. తల వెనక బరువుగా ఉంది, నొప్పి అనేంత లేదు. మాట తడబడలేదు, మూతి వంకర పోలేదు, చేయీ కాలూ బాగానే ఆడుతున్నాయి. అందుకే పక్షవాతం అనే అనుమానం ఎవరికీ రాలేదు.

అప్పటికి నాకు 51 ఏళ్ళు. బీపీకి మాత్ర వేసుకుంటున్నాను. మాది తెనాలి దగ్గర ఊరు. సాయంత్రం మా ఆయనతో కళ్ళజోళ్ళ షాపుకి వెళ్తే, అక్కడి అబ్బాయి పరీక్ష చేసి పవర్ పెరిగిందన్నాడు. కొత్త అద్దాలకు మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ నేను కుడివైపు మంచినీళ్ళ గ్లాసులు తన్నేస్తూ, కంచంలో కుడిపక్క వేసిన పచ్చడి చూడకుండా లేచిపోతూ ఉన్నాను. “పచ్చడి తినలేదేం?” అని మా ఆయన అడిగితే “వేయలేదుగా” అన్నాను. ఆ మూడు రోజుల సంగతి తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. ఉన్నట్టుండి ఒక పక్క కనపడటం మానేస్తే అది కళ్ళజోడు పని కాదు, పెద్దాసుపత్రి పని. మెదడు రక్తనాళంలో గడ్డ కరిగించే ఇంజెక్షన్ పనిచేసేది మొదటి నాలుగున్నర గంటల్లో. పక్షవాతం గుర్తులంటే మూతి, చెయ్యి, మాట అని గుర్తుపెట్టుకునే వాళ్ళంతా ఆ వరసలో చూపును కూడా చేర్చుకోండి.

కొత్త అద్దాలతోనూ అదే పరిస్థితి. గుంటూరులో ఒక కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన నా ఎదురుగా మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చుని, “నా ముక్కు మీద నుంచి చూపు తిప్పకండమ్మా, ఎన్ని వేళ్ళో చెప్పండి” అన్నారు. ఎడమవైపు రెండు, ఒకటి, ఐదు. కుడివైపు ఆయన చెయ్యే లేదు. ఒక కన్ను మూసి అడిగారు, తర్వాత రెండోది మూసి అడిగారు. ఏ కంటితో చూసినా కుడివైపు సగం లేదు. “కన్ను చెడితే ఆ కంటికే తెలుస్తుంది. రెండు కళ్ళకీ ఒకే వైపు సగం పోయిందంటే అది కంటిలో పోయింది కాదు” అని, ఫీల్డ్ టెస్ట్‌కీ తల స్కాన్‌కీ రాశారు.

ఫీల్డ్ టెస్ట్ గురించి కొంచెం వివరంగా చెప్తాను. చీకటి గదిలో తెల్లటి గిన్నె లాంటి మిషన్ ముందు కూర్చోబెడతారు. గడ్డం ఒక మెట్టు మీద ఆనించి, నుదురు పట్టీకి తాకించి, ఒక కంటికి గంత కడతారు. గిన్నె మధ్యలో పసుపు దీపం. దాన్నే చూస్తూ ఉండాలి. చుట్టూ ఎక్కడో ఒక చోట తెల్లచుక్క మెరుస్తుంది, కనపడినప్పుడల్లా చేతిలో బటన్ నొక్కాలి. మిషన్ లోపల టిక్కుమని చిన్న శబ్దం వస్తుంది, ఆ వెంటనే చుక్క. కాసేపటికి నాకు టెన్షన్ మొదలైంది. టిక్కుమంటుంది, చుక్క రాదు. మళ్ళీ టిక్కు, చుక్క లేదు. “బాబూ, మిషన్ ఆగినట్టుంది చూడు” అన్నాను. “లేదు మేడమ్, నడుస్తూనే ఉంది” అన్నాడా అబ్బాయి. కాగితం బయటికొచ్చింది. రెండు గుండ్రటి బొమ్మలు. రెండింట్లోనూ కుడి సగం, స్కేలు పెట్టి గీసినట్టు, నల్లగా ఉంది.

కాగితం మీద నల్లగా ఉంది గానీ నాకు నల్లగా కనపడదు. చాలామంది అడుగుతారు, ఆ పక్క చీకటిగా ఉంటుందా అని. మీ వీపు వెనక ఏముందో మీకు కనపడదు కదా, అక్కడ చీకటిగా అనిపిస్తుందా? ఏమీ అనిపించదు. నాకు కుడివైపు అంతే.

ఎమ్మారైలో తేలింది: మెదడుకి ఎడమ పక్క, వెనక భాగానికి రక్తం తీసుకెళ్ళే నాళంలో గడ్డ అడ్డుపడింది. గుండె లయ తప్పి కొట్టుకోవడం వల్ల అక్కడ తయారైన గడ్డ పైకి వెళ్ళిందన్నారు. ఇదీ పక్షవాతమే. ఇలా సగం చూపు పోవడాన్ని హెమియానోపియా అంటారు. ఎడమ మెదడు రెండు కళ్ళ నుంచీ కుడి సగం ప్రపంచాన్ని చూస్తుంది, కుడి మెదడు ఎడమ సగాన్ని. నాలో ఎడమ వెనక భాగం దెబ్బతింది. రక్తం పలచబరిచే మందు మొదలుపెట్టి వార్డులో ఉంచారు.

వార్డులో రెండో రోజు మధ్యాహ్నం వెల్లకిలా పడుకుని పైన గోడకున్న ట్యూబులైటు వైపు చూస్తున్నాను. నా కుడివైపు ఏదో తిరుగుతోంది. కనపడుతోందని చెప్పలేను. రూపం లేదు, రంగు లేదు. గాలి తగిలితే గాలి ఉందని తెలిసినట్టు, అక్కడ ఏదో ఆడుతోందని తెలుస్తోంది. కళ్ళు తిప్పి చూస్తే ఫ్యాను. కరెంటు పోయింది. మళ్ళీ ట్యూబులైటు ఉన్న చోటే చూశాను. కుడివైపు ఏమీ లేదు. కరెంటు వచ్చి రెక్కలు తిరగగానే మళ్ళీ అదే. మా అమ్మాయికి చెప్పాను. తను ఫిజియోథెరపీ చదువుతోంది. రౌండ్స్‌కి వచ్చిన కుర్ర డాక్టరుకి కూడా చెప్పాను. ఆయన ఫీల్డ్ టెస్ట్ కాగితం చూపించి, “ఆ పక్క మీకు కనపడే అవకాశం లేదమ్మా, గాలి తగిలి అలా అనిపించి ఉంటుంది” అన్నారు. ఆయన తప్పేం లేదు, చేతిలో ఉన్న కాగితం అలా చెప్తోంది. కానీ నాకు చాలా బాధనిపించింది. చూపు పోయినప్పటికంటే, ఉందన్నదాన్ని లేదన్నప్పుడే ఎక్కువ ఏడ్చాను.

రెండు వారాల తర్వాత హైదరాబాదులో నరాలకూ కళ్ళకూ సంబంధించిన జబ్బులు చూసే ఒక డాక్టరు గారికి ఈ ఫ్యాను సంగతి భయం భయంగానే చెప్పాను. ఆవిడ రాస్తున్న పెన్ను పక్కన పెట్టి, “మళ్ళీ చెప్పండి” అన్నారు. అంతా విని, “ఇది మీకంటే ముందు వందేళ్ళ కిందట ఒక సైనికుడు చెప్పాడు. విన్న డాక్టరు పేరు రిడాక్” అన్నారు. ఆ పేరు పట్టుకుని మా అమ్మాయీ నేనూ తర్వాతి ఆరునెలలు గడిపాం. తను ఇంగ్లీషులో వ్యాసాలు చదివి వినిపించేది, నేను స్కేలు అడ్డం పెట్టుకుని తెలుగులో నోట్సు రాసుకునేదాన్ని. ఇక్కడ రాసేదంతా ఆ నోట్సులోదే.

చూపు మెదడులో ఎక్కడుందో తేల్చడానికే చాలాకాలం పట్టింది. 1855లో ఇటలీలోని పావియాలో పనిచేసిన పనిజ్జా అనే శాస్త్రవేత్త మెదడు వెనక భాగమే అన్నాడు, ఎవరూ పట్టించుకోలేదు. 1870లలో లండన్‌లో ఫెర్రియర్ ఇంకాస్త ముందున్న చోటు చూపించాడు. బెర్లిన్‌లో మంక్ కుక్కల మీద, కోతుల మీద ప్రయోగాలు చేసి, కాదు వెనక భాగమే అని నిలబెట్టాడు. స్వీడన్‌లో హెన్షెన్ చనిపోయినవాళ్ళ మెదళ్ళు పరీక్షించి, వెనక భాగంలో లోపలికి ఉన్న ఒక మడత దగ్గర చూపు ఉందని చెప్పాడు. చోటు సరిగ్గానే పట్టాడు గానీ, నడిమి చూపు ముందువైపు, అంచుల చూపు వెనకవైపు ఉంటాయని తిరగేసి చెప్పాడు.

దాన్ని సరిచేసింది తాత్సుజి ఇనోయే అనే జపాన్ కంటి డాక్టరు. ఈయన కథ దగ్గర మా అమ్మాయిని ఆపి రెండుసార్లు చదివించుకున్నాను. 1904-05లో రష్యా, జపాన్‌ల మధ్య యుద్ధం జరిగింది. రష్యా సైన్యం వాడిన కొత్త తుపాకీ గుండు 7.62 మిల్లీమీటర్లు, సన్నగా చాలా వేగంగా దూసుకుపోయేది. పాత సీసపు గుండు తగిలితే పుర్రె పగిలి మనిషి పోయేవాడు. ఈ గుండు ఒక పక్క దూరి ఇంకో పక్క బయటికొచ్చేసేది, మనిషి బతికేవాడు. అలా బతికిన సైనికులకు పింఛను ఇవ్వాలి. ఎంత చూపు పోతే ఎంత పింఛను అని లెక్క కట్టే పని ఇనోయేకి అప్పజెప్పారు. గుండు దూరిన చోటు తెలుసు, బయటికొచ్చిన చోటు తెలుసు, మధ్యలో తిన్నగా వెళ్ళిందని తెలుసు. తల మీద ఆ రెండు చోట్లనూ కొలిచే పరికరం ఒకటి తనే తయారుచేసుకుని, మెదడులో గుండు ఏ దారిన వెళ్ళిందో గీసి, ఆ సైనికుడికి చూపులో ఏ ముక్క పోయిందో దాని పక్కన పెట్టాడు. 29 మందిని అలా చూశాడు. నడిమి చూపు మెదడులో బాగా వెనక ఉందని, అంచుల చూపు ముందుకి ఉందని, నడిమి చూపుకి మెదడు చాలా ఎక్కువ చోటిచ్చిందని తేల్చాడు. 1909లో జర్మన్ భాషలో పుస్తకం వేశాడు. ఇప్పటి లెక్కల ప్రకారం మధ్యలో ఉన్న 10 డిగ్రీల చూపుకే ఆ భాగంలో దాదాపు సగం పోతుంది. చదవడం జరిగేది ఆ చిన్న చోటులోనే.

నేను ప్రభుత్వ ఉద్యోగిని. పింఛను కాగితాల్లో మనిషి ఎంత చిన్నగా కనపడతాడో నాకు తెలుసు. అదే కాగితాల్లో కూర్చుని ఇనోయే ఒక్కో సైనికుడినీ అంత శ్రద్ధగా చూశాడు. అదే నాకు గొప్పగా అనిపించింది.

మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైనికుల ఇనుప టోపీ బోర్లించిన పళ్ళెంలా ఉండేది. పైనుంచి పడే ముక్కల్ని ఆపేది గానీ తల వెనక కింది భాగాన్ని కప్పేది కాదు. కందకాల్లో వంగి ఉన్నవాళ్ళకు సరిగ్గా అక్కడే దెబ్బలు తగిలేవి. ఐర్లండ్‌కి చెందిన గోర్డన్ హోమ్స్ అనే నరాల డాక్టరు ఫ్రాన్స్‌లోని బూలోన్ సైనిక ఆసుపత్రిలో వాళ్ళను పరీక్షించాడు. లిస్టర్ అనే కంటి డాక్టరుతో కలిసి 1916లో, తనొక్కడే 1918లో ప్రచురించిన వ్యాసాలతో చూపు పటం పూర్తిగా గీశాడు. మెదడులో ఇక్కడ దెబ్బ తగిలితే చూపులో అక్కడ పోతుంది అని చెప్పే పటం. నా ఫీల్డ్ టెస్ట్ కాగితం చూడగానే ఎమ్మారై రాకముందే ఏ పక్క దెబ్బతిందో గుంటూరు డాక్టరు గారు చెప్పగలిగారంటే, అది ఆ సైనికుల పుణ్యమే.

అదే రోజుల్లో జార్జ్ రిడాక్ అనే స్కాట్లండ్ కుర్ర డాక్టరు లండన్‌లో గాయపడ్డ ఆఫీసర్ల ఆసుపత్రిలో పనిచేస్తున్నాడు. ఆయన దగ్గరికి తల వెనక గుండు దెబ్బ తగిలిన ఒక లెఫ్టినెంట్ కల్నల్ వచ్చాడు. చూపు పోయిన వైపు నిలిచి ఉన్న వస్తువు ఏదీ అతనికి కనపడదు. కదిలితే మాత్రం ఏదో కదిలిందని తెలుస్తుంది. దానికి ఆకారం లేదు, రంగు చెప్పాల్సివస్తే నీడలాంటి బూడిదరంగు, అంతే. రిడాక్ అతని మాట కొట్టిపారేయలేదు. నిలిచిన వస్తువుతో ఒకసారి, కదిలే వస్తువుతో ఒకసారి పరీక్షించి రెండు పటాలు గీశాడు. ఇంకొందరిలోనూ అదే చూశాడు. 1917లో ప్రచురించాడు. చదువుతుంటే నా ఒళ్ళు గగుర్పొడిచింది. ఆకారం లేదు, రంగు లేదు, కదలిక ఉంది. అది నా ఫ్యానే.

హోమ్స్ దీన్ని ఒప్పుకోలేదు. కదలిక అయినా, వెలుగు అయినా, రూపం అయినా పోతే కలిసే పోతాయన్నాడు. ఆయన పేరు పెద్దది, ఆయన పటం అద్భుతంగా పనిచేస్తోంది. రిడాక్ చెప్పింది చాలా ఏళ్ళు పక్కన పడిపోయింది. హోమ్స్ మీద నాకు కోపం లేదు, నా రోగం గుర్తించింది ఆయన పటంతోనే. కానీ ఆ లెఫ్టినెంట్ కల్నల్ బాధ నాకు తెలుసు.

ఇక్కడ ఒక సంగతి మా డాక్టరు గారు చెప్పేవరకూ నాకు తట్టలేదు. నేను చేయించుకున్న ఫీల్డ్ టెస్ట్‌లో చుక్క కదలదు. ఒక చోట మెరిసి ఆరిపోతుంది. ‘ఇక్కడ నిలిచిన చుక్క కనపడిందా’ అని మాత్రమే ఆ మిషన్ అడుగుతుంది. లేదు అనే నా జవాబు నిజమే. కదిలినదాని గురించి అది నన్ను అడగనే లేదు. అంతకు ముందు తరం మిషన్‌లో, 1945లో స్విట్జర్లాండ్‌లో గోల్డ్‌మన్ తయారుచేసినదానిలో, చుక్కను అంచు నుంచి లోపలికి కదిలిస్తూ తెస్తారు. ఆవిడ నన్ను దాని ముందు కూర్చోబెట్టారు. కుడి సగం చూపు వచ్చేయలేదు. కానీ సరిహద్దు గీత కుడివైపుకి కొంత జరిగింది. కింది భాగంలో రెండు చోట్ల “ఏదో ఉంది” అని బటన్ నొక్కాను.

ఈ ‘అడగడం’ అన్నదే ఆ తర్వాతి పరిశోధన అంతటికీ మూలం. కేంబ్రిడ్జిలో వైస్‌క్రాంట్జ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ప్రయోగశాలలో హెలెన్ అనే కోతికి 1965లో మెదడులోని ఆ చూపు భాగం తీసేశారు. అందరి లెక్కలో అది గుడ్డిది. నికొలస్ హంఫ్రీ అనే విద్యార్థి దాని పంజరం దగ్గర కూర్చుని ఆడుకుంటూ, అది తన చేతి కదలికను గమనిస్తోందని కనిపెట్టాడు. కొన్నేళ్ళు దాన్ని వదల్లేదు. తాడు కట్టి ఆరుబయట పొలాల్లో తిప్పాడు. చివరికి హెలెన్ అడ్డాలు తప్పించుకుంటూ గదిలో తిరిగేది, నేల మీద పడ్డ తిండి ముక్కలు ఏరుకునేది. అయినా అది చూసే తీరు మామూలు కోతి చూసే తీరు కాదని ఆయన రాశాడు. ఆ కోతికి చేసిన పని తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది. దాని దగ్గర కూర్చుని ఓపిగ్గా చూసినవాడు ఒకడుండటమే కాస్త ఊరట.

కోతిని ‘కనపడిందా’ అని అడగలేం, అందుకుంటుందో లేదో చూడాలి. మనుషుల్ని మాత్రం అప్పటిదాకా అందరూ ‘కనపడిందా’ అనే అడిగారు. 1973లో అమెరికాలో పోపెల్, హెల్డ్, ఫ్రాస్ట్ అనే ముగ్గురు, మెదడుకి గాయాలైన మాజీ సైనికులను మరోలా అడిగారు: “కనపడకపోయినా సరే, వెలుగు ఎక్కడ మెరిసిందనుకుంటే అటు కళ్ళు తిప్పండి.” కళ్ళు ఎంతోకొంత అటే వెళ్ళాయి. అదే ఏడాది లండన్‌లో డి.బి. అని పిలిచే ఒకతనికి, కుర్రతనం నుంచి తలనొప్పులు తెస్తున్న రక్తనాళాల ముడి తీసేయడానికి కుడి మెదడు వెనక భాగానికి ఆపరేషన్ చేశారు. ఎడమవైపు చూపు పోయింది. వైస్‌క్రాంట్జ్, ఎలిజబెత్ వారింగ్టన్ అనే పరిశోధకురాలు అతన్ని ఊహించి చెప్పమన్నారు: వెలుగు ఎక్కడుందో వేలు పెట్టు, గీత అడ్డంగా ఉందా నిలువుగా ఉందా చెప్పు. చాలా ఎక్కువసార్లు సరిగ్గా చెప్పాడు. చెప్పాక ఫలితాలు చూపిస్తే అతనే ఆశ్చర్యపోయాడు. తను ఏమీ చూడలేదని, ఊరికే ఊహించానని అన్నాడు. 1974లో దీనికి బ్లైండ్‌సైట్ అని పేరు పెట్టారు.

దీని వెనక మర్మం దొడ్డిదారి. కంటి నుంచి బయల్దేరే నరాల్లో ఎక్కువ భాగం వెనక ఉన్న చూపు భాగానికి పోయే రాజమార్గంలో వెళ్తాయి. దాదాపు పదో వంతు మాత్రం మెదడు అడుగున ఉన్న పాత కేంద్రాలకు వెళ్తాయి. అక్కడి నుంచీ, దారిలో ఉండే ఇంకో మజిలీ నుంచీ కొన్ని పోగులు కదలికను చూసుకునే భాగానికి నేరుగా చేరతాయి. రాజమార్గం తెగినా ఆ సందులు మిగులుతాయి. ఆ కదలిక భాగమే దెబ్బతింటే ఏమవుతుందో 1983లో మ్యూనిక్‌లో జిల్ బృందం రాసింది. వాళ్ళు చూసిన ఒకావిడకు అన్నీ కనపడతాయి, కదలిక ఒక్కటే కనపడదు. కప్పులో పోస్తున్న టీ గడ్డకట్టినట్టు నిలబడి ఉండేదట. నాకు జరిగినదానికి ఇది సరిగ్గా తిరగేసిన బొమ్మ. 2008లో వచ్చిన ఇంకో కథ మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. రెండు స్ట్రోకులతో రెండు వైపులా చూపు భాగం పోయి చేతికర్రతో నడిచే ఒక డాక్టరును, పెట్టెలూ వస్తువులూ అడ్డం పెట్టిన వసారాలో కర్ర లేకుండా నడవమన్నారు. ఒక్కదాన్ని కూడా తగలకుండా అన్నిటినీ తప్పించుకుని నడిచాడు. పడతాడేమోనని వెనకే నడిచిన పెద్దాయన వైస్‌క్రాంట్జే.

ఇదంతా చదివాక మా అమ్మాయి ఊరుకోలేదు. గోడకు నా కళ్ళ ఎత్తులో బొట్టుబిళ్ళ అంటించి, “దీన్నే చూడమ్మా” అంది. చప్పుడు కాకూడదని గాజులు తీసేసింది, ఫ్యాను ఆపేసింది. నా కుడివైపు నిలబడి స్టీలు గరిటె పైకీ కిందికీ గానీ, అటూ ఇటూ గానీ ఆడించేది. ఎలా ఆడిందో నేను చెప్పాలి. “ఏమీ తెలియట్లేదే” అంటే “తెలియకపోయినా చెప్పు” అనేది. 20 సార్లలో 15 సరిగ్గా చెప్పాను. గరిటె నిలిపి పట్టుకుని ఎక్కడుందో చెప్పమంటే మాత్రం నా జవాబులకు తలా తోకా లేదు. డాక్టరు గారికి చెప్తే సంతోషించారు గానీ, “కళ్ళు తెలియకుండా కొంచెం అటు జరిగి ఉండొచ్చు, అంచున మిగిలిన చూపు కూడా సాయం చేసి ఉండొచ్చు. ఇంట్లో చేసింది రుజువు అనుకోకండి” అన్నారు. ఆ మాట కూడా నాకు నచ్చింది. నన్ను నమ్మడం వేరు, కొలవడం వేరు. ఆవిడ రెండూ చేశారు.

పోయిన చూపు తిరిగొస్తుందా అని అడిగాను. రావాల్సింది ఎక్కువగా మొదటి మూడు నెలల్లోనే వస్తుంది, ఆరు నెలలు దాటాక దానంతట అదే రావడం అరుదు అన్నారు. నాకు పై భాగంలో కొద్దిగా తెరుచుకుంది. అమెరికాలో రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో హక్స్‌లిన్ బృందం చూపు పోయిన చోట కదిలే చుక్కలు చూపించి నెలల తరబడి సాధన చేయిస్తోంది. కొంత ఫలితం ఉంది, తొందరగా మొదలుపెడితే ఎక్కువ ఉంది, కానీ అది ఇంకా పరిశోధన దశలోనే ఉందని వివరించారు. చూపు తిరిగి తెప్పిస్తామని కంప్యూటర్ ప్రోగ్రాములు అమ్మేవాళ్ళ దగ్గర డబ్బు పోగొట్టుకోవద్దని కూడా గట్టిగా చెప్పారు. అలాంటివాటిలో కొన్నింటిని, కన్ను నిజంగా మధ్యలోనే నిలబడిందో లేదో చూసే పరికరంతో పరీక్షిస్తే, పెరిగిందన్న చూపు కనపడలేదట.

ఇక మిగిలింది కళ్ళకు కొత్త అలవాటు చేయడం. చూపును ముందు కుడి చివరికి విసిరి, అక్కణ్ణుంచి వెనక్కి తేవాలి. వీధిలోకి వచ్చినా, గదిలోకి వెళ్ళినా అదే. స్కూటీ మా ఆయనకు ఇచ్చేశాను. రోడ్డు దాటేటప్పుడు కుడివైపు మూడుసార్లు తల తిప్పుతాను.

చదవడమే అన్నిటికంటే కష్టం. ఎడమ సగం పోయినవాళ్ళకు పంక్తి మొదలు దొరకదు. కుడి సగం పోయినవాళ్ళకు రాబోయే మాట కనపడదు. మన భాషలో ఇది ఇంకా గట్టి దెబ్బ. తెలుగులో అర్థమంతా మాట తోకలో ఉంటుంది. చేస్తాను, చేస్తాడు, చేస్తారా, మొదలంతా ఒకటే. తాగవచ్చు, తాగరాదు, రెండూ తాగ అనే మొదలవుతాయి. ఎవరు, ఎప్పుడు, అవునా కాదా, ప్రశ్నా జవాబా, అన్నీ కుడి చివరనే తేలుతాయి. ముప్పై ఏళ్ళుగా విభక్తులూ ప్రత్యయాలూ చెప్తున్నదాన్ని, వాటి విలువ నాకు అప్పుడు ఇంకోలా తెలిసింది.

దానికి డాక్టరు గారు చెప్పిన సాధన వింటే మీరు నమ్మరు. కుడి నుంచి ఎడమకు కదిలే అక్షరాలు చదవాలి. అలా చదివితే కళ్ళు కుడివైపుకి దూకడం నేర్చుకుంటాయని లండన్‌లోనూ జర్మనీలోనూ పరీక్షించి చూశారట. “ఇంట్లో టీవీ ఉంది కదా, న్యూస్ ఛానల్ కింద స్క్రోలింగ్ వస్తుంది, అది చదవండి” అన్నారు. మొదటిరోజు ఒక్క వార్తా పూర్తిగా అందలేదు. రోజూ ఉదయం ఇరవై నిమిషాలు, సాయంత్రం ఇరవై నిమిషాలు, శబ్దం ఆపేసి కింది పట్టీని గట్టిగా చదివేదాన్ని. వంటింట్లోంచి మా ఆయన “ఏమైందట?” అని అడిగేవారు, ఆగకుండా చెప్పేదాన్ని. మొదట్లో పాఠ్యపుస్తకంలో ఒక పేజీకి పదకొండు నిమిషాలు పట్టేది. నాలుగు నెలలకు ఐదు నిమిషాలకు వచ్చింది. అక్కడే ఆగింది. పేపర్లు దిద్దేటప్పుడు కుడి అంచున ఎర్ర స్కేలు నిలబెడతాను. స్కేలు కనపడితేనే పంక్తి అయిపోయినట్టు.

వేసవి సెలవుల తర్వాత బడికి వెళ్ళాను. హెడ్మాస్టరు గారు నాకు మెట్లు ఎక్కనక్కర్లేని గది ఇచ్చారు. బల్లను కుడి గోడ వైపుకి జరిపించుకున్నాను, అప్పుడు పిల్లల్లో ఎక్కువమంది నా ఎడమకే ఉంటారు. అయినా కిటికీ పక్క వరస ఒకటి కుడివైపు మిగిలింది. మొదటిరోజే వాళ్ళకు నా సంగతి ఉన్నదున్నట్టు చెప్పి ఒక్కటి అడిగాను: “మీకు డౌట్ వస్తే చెయ్యి ఎత్తి ఊరుకోకండి. ఊపండి.”

పిల్లలు ఒకటి రెండు రోజులు మరిచిపోయారు. మూడో రోజు బోర్డు మీద సంధి విడదీసి రాసి, తరగతి మధ్యలోకి చూస్తూ నిలబడ్డాను. కుడివైపు ఏదో ఆడింది. ఆకారం లేదు, రంగు లేదు. తల తిప్పాను. రెండో బెంచీలో ఒక పిల్ల మోచెయ్యి బల్ల మీద ఆనించి అరచెయ్యి టకటకా ఊపుతోంది.

“చెప్పమ్మా” అన్నాను.

“టీచర్, అది సవర్ణదీర్ఘ సంధి కదా, మీరు గుణసంధి అని రాశారు.”